ఒలీవల కొండ మీద ముంచింగిపుట్టు రాయి

యాత్రికులను పరదేశాలకు తీసుకెళ్ళే పనిలో చేరాలనుకునే ఆడపిల్లలు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ డుంబ్రిగుడ వస్తున్నారు. ఇంగ్లీషు ఎంత రావాలి, పాస్‌పోర్టుకి ఎవరిని పట్టుకోవాలి, జీతం కాక ఏం మిగులుతుంది అని అడుగుతారు. అవి చెప్పేవాళ్ళు విశాఖపట్నంలో వీధికొకరు ఉన్నారు. వాళ్ళు చెప్పనిది నేను చెప్తాను. చదివాక కూడా ఈ పనిలో చేరాలనిపిస్తే సంతోషం, వెళ్ళండి. నేను మాత్రం నా కూతురికి వద్దని చెప్పాను.

ముందుగా నాకు ఈ పని చేసే శక్తినిచ్చిన దేవుడికి, ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మా అమ్మకి కృతజ్ఞతలు. నేను బడికి వెళ్ళలేదు. మా ఊరికి బడి దూరం, హాస్టలుకి పంపడానికి అమ్మకి మనసొప్పలేదు. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న బైబిలు ఎవరో దొరసానమ్మ వెళ్ళిపోతూ అమ్మకిచ్చింది. ఆ రెండు పేజీల మధ్యే నాకు రెండు భాషలూ వచ్చాయి. అందుకే నాది బైబిలు ఇంగ్లీషు. మొదటిసారి పరదేశపు విమానాశ్రయంలో ఆఫీసరుతో మాట్లాడితే, అలాంటి మాటలు రాజులతో పోయాయని నవ్వి ముద్ర వేశాడు.

పని అంటే ఇది

బేత్లెహేములో ప్రభువు పుట్టిన చోటికి వెళ్ళే గుమ్మం చాలా చిన్నది. ఎంతటివాడైనా వంగాలి. మన కొండల ఆడవాళ్ళు తట్టలు మోసిన నడుములతో ఇట్టే వంగి వెళ్ళిపోతారు. మైదానం నుంచి వచ్చిన పెద్దమనుషుల మోకాళ్ళు మాత్రం మొరాయిస్తాయి. వాళ్ళను నెమ్మదిగా వంచి, లోపలికి పంపి, అవతల మళ్ళీ నిలబెట్టడం నా పని. చెప్పులు ఎక్కడ విప్పాలి, తల మీద కొంగు ఎక్కడ వేసుకోవాలి, మగవాళ్ళు ఏ వైపు, ఆడవాళ్ళు ఏ వైపు, బాత్రూము ఎక్కడ, ఊరగాయ సీసా ఎవరి పెట్టెలో పగిలింది, ఇదంతా నా పనే. పవిత్ర స్థలం కథ చెప్పడానికి ఆ దేశపు గైడు ఉంటాడు. మనం చెప్పేది మనుషులకి, మనుషుల గురించి.

మనది కాని గుడిలో ఎలా మసలుకోవాలో ఒక్క సంగతి చెప్తాను. శ్రీలంకలో ఒక బౌద్ధ ఆలయానికి మైదానం వాళ్ళ గుంపుని తీసుకెళ్ళాను. ఒకాయన బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫోన్లో ఫోటో తీసుకుంటుంటే కాపలా మనిషి వచ్చి ఆపాడు. వాళ్ళకది పెద్ద అవమానం. మన పెద్దమనిషికి కోపం వచ్చింది. "బొమ్మే కదమ్మా, దానికి వీపేటి, మొగవేటి?" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో గుడి పండగకి ధర్మకర్త ఆయనే. తన దేవుడి ముందు చెప్పులు వేసుకున్న కుర్రాణ్ణి కొట్టిన మనిషి. ఎవరి దేవుడు వాళ్ళకి దేవుడు, పక్కవాడి దేవుడు బొమ్మ. నా పనికాలమంతా నేను చూసింది ఇదే. అందులో మా క్రైస్తవ సంఘాల వాళ్ళు, గుళ్ళ వాళ్ళు అని తేడా ఏమీ లేదు.

భాస్కర్రావు గారు

నాకు పనిచ్చింది విశాఖపట్నంలో ట్రావెల్స్ నడిపే భాస్కర్రావు గారు. అరకు వైపు సంఘాల నుంచి పరిశుద్ధ భూమి యాత్రకి మనుషులు బయలుదేరడం మొదలయ్యాక, కొండ మాట, తెలుగు, కొంచెం ఇంగ్లీషు వచ్చిన ఆడమనిషి కావాలని వెతికారు. నేను దొరికాను. పెట్టె సర్దడం, విమానంలో చెవులు దిబ్బడ వేస్తే ఏం చేయాలో, ఫారిన్ హోటల్లో వేడినీళ్ళు ఎటు తిప్పితే వస్తాయో అన్నీ ఆయనే నేర్పారు. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండు పూటలా మనిషిని పంపి అన్నం అందేలా చూశారు. ఆ అన్నం నేను మర్చిపోలేదు. ఆయన పేరు తలచుకుని ఇప్పటికీ ప్రార్థన చేస్తాను.

అయినా నిజం రాస్తానని కూర్చున్నాను కనుక రాస్తాను. మొదటి ప్రయాణానికి ముందు ఆయన నాకు చెప్పిన పాఠం ఇది: "మార్తమ్మా, ఏడిచేవాళ్ళని ముందు వరసలో పెట్టకు. ఒకళ్ళు ఏడిస్తే అందరూ ఏడుస్తారు. బస్సు లేటవుద్ది. తర్వాత దుకాణం మూసేస్తారు."

దుకాణం అంటే ఒలీవ చెక్కతో శిలువలు చేసి అమ్మే చోటు. ప్రభువు సమాధి దగ్గర ఆగే సేపు కన్నా ఆ దుకాణంలో ఆగేదే ఎక్కువ. జీవితమంతా ఎదురుచూసి వచ్చిన మనిషి సమాధి రాతి మీద చెయ్యి పెట్టగానే వెనకనుంచి "పదండి, పదండి" అనడానికి నాకు జీతం. అన్నాను కూడా. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. గుంపుని పోగు చేసి తెచ్చే పాస్టరు టిక్కెట్టుకి డబ్బు కట్టక్కర్లేదు. ఆయనే కొనుగోలుదారు. యాత్రికులు సరుకు. ఇది తెలియక నేను చాలాకాలం యాత్రికుల కోసం పని చేస్తున్నానని అనుకున్నాను.

సోమ్రి పిన్ని

ముంచింగిపుట్టు దాటాక లోపల గదబ కొండజాతి వాళ్ళ ఊరు ఒకటి ఉంది. ఆ ఊళ్ళలో పోయినవాళ్ళ పేరున రాయి నిలబెడతారు. ఊరి మధ్య ఆ రాళ్ళ దగ్గరే పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు, పిల్లలు ఎక్కి ఆడతారు. రాయి ఉన్నవాడు చచ్చినా ఊళ్ళోనే ఉన్నట్టు. రాయి లేనివాడు ఆకలితో తిరుగుతాడని వాళ్ళ నమ్మకం.

సోమ్రి పిన్నిది ఆ ఊరు. నాకు చుట్టం కాదు, వరసపెట్టి పిన్నీ అని పిలిచేదాన్ని; ఆమె నన్ను గుంటా, అంటే పిల్లా, అనేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు బుద్రా బాప్తిస్మం తీసుకున్నాడు, తల్లి కూడా తీసుకునేలా చేశాడు. తర్వాత సీలేరు వైపు పనికి వెళ్ళి, జలాశయంలో పడవ తిరగబడి పోయాడు. శవం దొరకలేదు.

శవం లేదు కనుక సంఘం వాళ్ళ శ్మశానంలో శిలువ పెట్టడానికి సమాధి లేదు. రాయి నిలబెడతానని ఆమె అంటే పాస్టరు గారు అది విగ్రహారాధన అన్నారు. చాటుగా వంశం పెద్దల కాళ్ళు పట్టుకుంటే, "నీ గుంటడు మన దేవుణ్ణి ఒగ్గేసేడు కదే. మన రాళ్ళ కాడ ఆడికి చోటేటి?" అన్నారు. అటూ లేదు, ఇటూ లేదు.

ఆ పాస్టరు గారిది మైదానం. మేము అయ్యగారు అని పిలుస్తాం. యాత్రకి మనుషులను కూడగట్టడానికి ముంచింగిపుట్టులో తెర కట్టి యెరూషలేము బొమ్మలు చూపించారు. ఒలీవల కొండ వాలంతా సమాధులు, వాటి మీద గులకరాళ్ళు. ప్రభువు వచ్చినప్పుడు మొదట లేచేది ఆ కొండ మీద వాళ్ళేనని చెప్పారు. వెనకనుంచి సోమ్రి పిన్ని అడిగింది: "ఆ రాల్లేటి అయ్యగారూ?"

"పోయినవాళ్ళని తలచుకుని వాళ్ళ చుట్టాలు పెట్టినవమ్మా" అని ఆయన తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయారు.

అవి యూదుల సమాధులని, మన సంఘం వాళ్ళవి కావని ఆయన చెప్పలేదు. ఆమెకి తెలిసే దారి లేదు. బుద్రా పోయినందుకు వచ్చిన డబ్బు కట్టి యాత్రలో చేరింది. పాస్‌పోర్టు ఫోటోలకి తీసుకెళ్ళడానికి నేను ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె అరచేతిలో పట్టే రాయి ఒకటి చూపించింది. నిలువుగా, ఒక వైపు మొనతేలి ఉంది. జలాశయం ఒడ్డు నుంచి తెచ్చుకుంది.

"ఏటి పిన్నీ ఇది?"

"మా బుద్రాగాడు. ఆ కొండ మీద నిలబెడతాను. ఆ దేవుడి సొంతూల్లో తప్పు కానిది మా ఊల్లో తప్పెలగవుద్ది గుంటా? సెప్పు."

నేను బైబిలు చాలాసార్లు చదివాను. యాకోబు తలకింద పెట్టుకున్న రాయిని నిలబెట్టి నూనె పోసిన సంగతే గుర్తొచ్చింది. అవి వేరే మతస్థుల సమాధులని చెప్పాను. "చచ్చినోల్లకి మతమేటి" అంది. రాయిని నా పెద్ద పెట్టెలో చీరల మధ్య పెట్టుకున్నాను. చేతి సంచీలో అయితే విమానాశ్రయంలో తీసేస్తారు. ఇలాంటివి మీకూ తెలిసి ఉండాలి.

గోడ పక్కన

ఆ యాత్రకి భాస్కర్రావు గారు కూడా వచ్చారు. ఒలీవల కొండ పైన ఒక వసారా లాంటి చోటు ఉంది. అక్కడ నిలబడితే కింద సమాధులు, లోయ అవతల యెరూషలేము గోడలు కనిపిస్తాయి. అక్కడినుంచి ఏటవాలు దారిలో గెత్సేమనే తోట దాకా నడిపిస్తాం. దారి పొడవునా సమాధుల గోడ ఉంటుంది.

పైన ప్రార్థన జరుగుతుంటే నేను భాస్కర్రావు గారిని పక్కకి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కింద సమాధుల గేటు తీసే ఉంది, సోమ్రి పిన్ని ఒక్కదాన్ని లోపలికి తీసుకెళ్ళి వస్తానన్నాను.

"నీకు మతి పోయిందా మార్తమ్మా? అయ్యగారికి తెలిస్తే వచ్చే ఏడు గుంపు ఇంకో ట్రావెల్స్‌కి పోద్ది. కిందకి బేగి దింపు, దుకాణం వాడు ఫోన్ చేస్తన్నాడు."

దిగుతున్నాం. సోమ్రి పిన్ని గోడ వెంట నడుస్తూ లోపలికి చూస్తోంది. తెల్లటి పలకలు, ప్రతి దాని మీదా చిన్న చిన్న రాళ్ళు. గోడ కొంచెం తగ్గిన చోట ఆగి, పొద్దున నేను పెట్టెలోంచి తీసిచ్చిన రాయిని కొంగులోంచి తీసింది.

"నువ్వు పెట్టాల గుంటా. మా ఇంటి రాయి మేవు పెట్టకూడదు. ఏరే వంశం సెయ్యే పెట్టాల."

ఆ మాట ఆమె అంతకుముందు చెప్పలేదు. నేను చెయ్యి చాపాను. నా చేతికి అందేలోపు వెనకనుంచి అయ్యగారి చెయ్యి వచ్చి ఆ రాయిని లాక్కుంది.

"ప్రభువు నడిచిన దారిలో దయ్యాల రాయా?" అన్నారు. గుంపంతా ఆగిపోయింది. "అందరూ చూడండి. ఇంత దూరం తీసుకొచ్చినా పాత బుద్ధి పోలేదు. అడవిలోంచి మనిషిని తేవచ్చు గానీ, మనిషిలోంచి అడవిని తియ్యలేం." ఎవరో నవ్వారు. ఆయన చెయ్యి ఎత్తి, రాయిని గోడ మీదుగా విసిరేశారు. రాయి మీద రాయి పడ్డ చప్పుడు, ఒకసారి గట్టిగా, తర్వాత రెండు మూడుసార్లు చిన్నగా.

సోమ్రి పిన్ని గోడ మీద చెయ్యి వేసి ఆ చప్పుడు వింది.

సమాధుల మీదికి రాయి విసరడం ఆ ఊళ్ళో చిన్న నేరం కాదు. కాపలా కుర్రాడు పరుగున వచ్చాడు. ఎవరు విసిరారని అడిగాడు. అయ్యగారు లోయ వైపు చూస్తున్నారు. భాస్కర్రావు గారు నా చెవిలో అన్నారు: "చెప్పు. ముసలావిడకి మతి సరిగా లేదని చెప్పు. వదిలేస్తాడు."

నాకు వచ్చింది బైబిలు ఇంగ్లీషే కనుక అబద్ధాలకి అందులో తేలికైన మాటలు దొరకలేదేమో. "ఈయన విసిరాడు" అని అయ్యగారిని చూపించాను. ఆమె కొడుకు పేరున తెచ్చిన రాయి అని కూడా చెప్పాను.

కాపలా కుర్రాడు అయ్యగారి ముందు నిలబడి గట్టిగా మందలించాడు. ఎవరి తల్లిదండ్రులో అక్కడ పడుకున్నారని, క్షమాపణ చెప్పమని అన్నాడు. నేను తెలుగులోకి మార్చి చెప్తుంటే సోమ్రి పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని తిట్టొద్దని సెప్పు గుంటా."

"ఎందుకు పిన్నీ? నిన్ను అన్ని మాటలన్నాడు."

"అన్నాడు. అయితే పెట్టింది ఆ సెయ్యే కదా. ఏరే వంశం సెయ్యే. అక్కడే పెట్టీసేడు, నేను పెడదావనుకున్న కాడే." నా చెయ్యి గోడ వైపు లాగింది: "ఎక్కడ పడిందో సూడు."

నేను గోడ అంచు పట్టుకుని లోపలికి చూశాను. అన్ని రాళ్ళలో ఏది ముంచింగిపుట్టు రాయో తెలియలేదు. అదే చెప్పాను.

"మద్దిలో పడిందా?"

"మధ్యలోనే పిన్నీ. చుట్టూ అన్నీ రాళ్ళే."

"అయితే ఆడు ఒంటరోడు కాడు" అంది.

అయ్యగారు పెదవి విప్పకుండా తలొంచారు. కుర్రాడు అది క్షమాపణే అనుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మేము దుకాణానికి వెళ్ళాం. శిలువలు కొన్నారు.

భోజనం

ఆ సాయంత్రం హోటల్లో మా గుంపు వంటకి నాకిచ్చిన మూలలో కుక్కరు పెడుతుంటే సోమ్రి పిన్ని వచ్చి కొంగు ముడి విప్పింది. తన మడిలో పండిన గుప్పెడు బియ్యం. రాయి పెట్టినవాడు పోయినవాడి ఇంటి అన్నం తినాలట. తింటే వాడు ఆ ఇంటికి తోబుట్టువు అవుతాడు. వాడు తిన్నది పోయినవాడికి చేరుతుంది. నాకోసం తెచ్చిన బియ్యం అవి.

"పిన్నీ, నేను తింటాను. ఆయనకెందుకు?"

"నువ్వు పెట్టనేదు కదే."

విడిగా వండాను. ఇది పాపం కాదా అని మీరు అడగొచ్చు. ఆ అన్నం ఉడుకుతున్నంతసేపూ నేను ప్రభువుని అదే అడుగుతున్నాను. ఆయన వద్దని చెప్పినట్టు నాకు అనిపించలేదు.

ఆమె పళ్ళెం రెండు చేతులా పట్టుకుని అయ్యగారి బల్ల దగ్గరికి వెళ్ళి "తిను తమ్ముడా" అంది. ఆయన ముందు తడబడ్డారు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. "చూశారా, ప్రభువు ఈమె మనసు మార్చాడు" అని పక్కవాళ్ళతో అన్నారు. ఆమె తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు నిన్ను క్షమించాడమ్మా" అని, మెతుకు మిగలకుండా తిన్నారు. కొండ బియ్యం రుచే వేరు అన్నారు. ఆమె పక్కనే నిలబడి, ఆయన చెయ్యి కడిగేదాకా కదలలేదు.

నేను వంటమూలలోకి వచ్చి ఏడ్చాను. భాస్కర్రావు గారి పాఠం ప్రకారం ఎవరికీ కనబడకుండానే.

ఆ తర్వాత

విశాఖపట్నంలో దిగాక సామాను బెల్టు దగ్గర భాస్కర్రావు గారు, "కొన్నాళ్ళు ఇంట్లో రెస్ట్ తీసుకో మార్తమ్మా" అన్నారు. గొంతు పెంచలేదు. నా పెట్టె ఆయనే దింపి ఇచ్చారు. మళ్ళీ పిలవలేదు. ఇంకో ట్రావెల్స్ వాళ్ళని అడిగితే, అయ్యగార్లతో పడని మనిషి అని నా గురించి మాట అప్పటికే పాకిపోయింది. తర్వాత ఆ దేశంలో యుద్ధం వచ్చి యాత్రలే ఆగిపోయాయి. నేను ఇంట్లో కూర్చోవడానికి అదే కారణమని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను కాదనలేదు.

పిల్లలూ, మీకు చెప్పేది ఇంతే. పవిత్ర స్థలానికి మనిషిని తీసుకెళ్ళడం గొప్ప పని. ఆ పని మిమ్మల్ని ఎవరూ చేయనివ్వరు. మనిషి అక్కడ ఏం చేయాలని వచ్చాడో ముందే అడిగి తెలుసుకోండి, ఊరు దాటకముందే. అడిగాక అది జరిగేలా చూడండి. చూస్తే మీ పని పోతుంది. చూడకపోతే పని ఉంటుంది. నేను చూసిన పరిశుద్ధ స్థలాలన్నిటికీ దేవుడికి వందనాలు. ఇంత చూశాక కూడా నాకు ప్రార్థన మీద విసుగు రాలేదు. ఒక్క అయ్యగారి కోసం ప్రార్థించడం మాత్రం నాకు ఇంకా చేతకావడం లేదు.

మొన్న అరకులో ఉజ్జీవ కూటాలు జరిగాయి. నేనూ వెళ్ళాను. చాప మీద నా పక్కన సోమ్రి పిన్ని కూర్చుంది. చూపు తగ్గింది, మనిషి సన్నబడింది. ఆ యాత్ర నుంచి వచ్చాక ప్రతి ఏడూ పంట ఇంటికి రాగానే ఆమె కొత్త సామలు మూట కట్టుకుని అయ్యగారికి ఇచ్చి వస్తోంది. ఆ రోజు పొద్దున కూడా ఇచ్చింది.

వేదిక మీద అయ్యగారు సాక్ష్యం చెప్తున్నారు. ఒలీవల కొండ మీద ఒక కొండజాతి తల్లి చేతిలోంచి దయ్యపు రాయిని తాను ఎలా తీసి పారేశారో, ఆ రోజే ఆమె మనసు ఎలా మారిందో, ఈనాటికీ ప్రథమ ఫలం తెచ్చి దైవసేవకుడి కాళ్ళ దగ్గర ఎలా పెడుతోందో మైకులో చెప్తున్నారు. జనం హల్లెలూయ అంటున్నారు. ఆయన చేత్తో చూపించి ఆమెని లేచి నిలబడమన్నారు. ఆమె లేచి, చేతులు జోడించి, మళ్ళీ కూర్చుంది.

నేను లేవబోయాను.

"పిన్నీ, నేను లేచి జరిగింది చెప్తాను. అందరి ముందూ చెప్తాను."

"కూకో గుంటా."

"నిన్ను అన్నేసి మాటలన్నవాడు, నీ పేరు చెప్పుకుని పేరు తెచ్చుకుంటుంటే ఊరుకోమంటావా?"

ఆమె నా చీర చెంగు పట్టుకుని కిందికి లాగింది.

"నువ్వు సెప్పేత్తే ఆడు తినడం మానేత్తాడు" అంది. "తిననీ. ఆడు తింటేనే కదే, నా గుంటడు తినేది."